ఉప్పునీళ్ళు పారబోసిన సొన్నమ్మ

ఇట్లా రా తల్లీ, దగ్గరకు జరుగు. గడప దగ్గర కూర్చుంటే సగం మాట గాలికి పోతుంది, మిగతా సగం నీ చేతిలోని ఫోను మింగేస్తుంది. దాన్ని బోర్లా పెట్టు. ఆఁ, ఇప్పుడు విను. మారికుప్పం లైను ఇండ్లలో సొన్నమ్మ అని ఒకావిడ ఉంది. ముప్పై ఐదేళ్ళ కాపురంలో మొగుడికి ఎదురు చెప్పి ఎరగదు, ఆడబిడ్డ మాట జవదాటి ఎరగదు. అట్లాంటి మనిషి ఒక పొద్దున మొగుడి చేతిలోని చెంబు లాక్కుని నీళ్ళు నేలపాలు చేసింది. అట్లా చేసినందుకే ఒక నిండు ప్రాణం నిలిచింది.

లైను ఇండ్లంటే బంగారు గనుల కంపెనీ తన కూలీలకు కట్టించిన ఇండ్లు. రైలు పెట్టెల్లా వరసగా ఉంటాయి. నడుమ ఒకటే గోడ. ఈ ఇంట్లో తిరగమోత వేస్తే పక్కింట్లో తుమ్ముతారు. గనులు మూతబడి అప్పటికి పదిహేడేళ్ళు. షిఫ్టు సైరను లేదు, గనిలోకి దించే బోను లేదు. తెల్లారితే వయసులో ఉన్నవాళ్ళంతా బెంగుళూరు రైలెక్కి పనులకు పోతారు. పగలంతా లైన్లలో మిగిలేది ముసలివాళ్ళూ, ఆడవాళ్ళూ, మేకలూ.

సొన్నమ్మ ఇంట్లో ముగ్గురే. మొగుడు చిన్నవెంకటప్పకు అరవై రెండేళ్ళు. గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఇరవై ఎనిమిదేళ్ళు చేసినవాడు. ఇంకొకరు ఆయన అక్క మారమ్మ, డెబ్బై ఏళ్ళ మనిషి. వాళ్ళమ్మ పోయిననాడు వెంకటప్పకు నాలుగేళ్ళు, మారమ్మకు పన్నెండు. రాయల్పాడు పక్క పల్లెలో మామిడితోపుల్లో కూలికి పోయి, తమ్ముణ్ణి చంక దించకుండా పెంచింది. తర్వాత మొగుడు పోతే తమ్ముడి ఇంటికే వచ్చింది. ఇంటికి పెద్ద దిక్కు ఆవిడే, పెద్ద గొంతూ ఆవిడదే. మారమ్మ లైను ఈ చివర ఎవరినైనా తిడితే, ఆ చివరి వాళ్ళు మనల్నేనేమో అని తలుపు తీసి తొంగి చూసేవాళ్ళు.

ముగ్గురికీ బీపీ ఉంది. ఆరోగ్య కేంద్రం నర్సు షర్మిల చేతికి పట్టీ కట్టి చూసింది. సొన్నమ్మకు నూట యాభై, వెంకటప్పకు నూట డెబ్బై. మారమ్మది చూసి ఆ పిల్ల పట్టీ విప్పి మళ్ళీ కట్టి చూసింది. నూట తొంభై.

"అవ్వా, ఈ నంబరు మంచిది కాదు. రోజూ మాత్ర వేసుకోవల్ల, ఉప్పు తగ్గించల్ల" అంది షర్మిల.

మారమ్మ నవ్వింది. "ఏం తల్లీ, మొగోళ్ళు గనిలో దుమ్ము తిన్నారు, గాలాడక చచ్చినారు. వాళ్ళకి బీపీ వచ్చిందంటే న్యాయముండాది. నేనేం చేసినాను? సంగటి గెలికినాను. సంగటి గెలికినోళ్ళకి బీపీ యాడనుంచి వస్తాది? నీ మిషను కెడిపోయినట్టుండాది, చూసుకో."

వాకిట్లోకి వచ్చాక షర్మిల సొన్నమ్మ చేయి పట్టుకుని గొంతు తగ్గించింది. "అక్కా, మీ వదినకు ఇది ఇట్లే ఉంటే ఒక రోజు పక్షవాతం కొడతాది. మాటన్నా పోతాది, మనిషన్నా పోతాది. కనిపెట్టుకోని ఉండు."

ఆ మాట సొన్నమ్మ గుండెలో ముల్లులా దిగింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆవిడకు తల దువ్వినది మారమ్మ, పురుడు పోసింది మారమ్మ, బిడ్డ దక్కకపోతే ఆరు నెలలు పక్కలో పడుకోబెట్టుకున్నది మారమ్మ. తిట్టేదీ మారమ్మే అనుకో. అయినా ఆ గొంతు లేని ఇల్లు ఎట్లా ఉంటుందో సొన్నమ్మకు ఊహకు కూడా అందలేదు. ఆనాటి నుంచి పొద్దున లేస్తూనే వదిన మొహం చూసేది. చూసేది గానీ, ఏం చూడాలో తెలియదు పాపం. పక్షవాతం అంటే పిడుగు లాగా మనిషిని ఒక్కసారి పడేసేది అనుకునేది.

ఇంక ఉప్పు సంగతి చెప్పాలి. గనిలో లోతుకు పోయేకొద్దీ పొయ్యిలో దిగినట్టే. ఒంట్లో నీరంతా చెమటగా కారిపోయి మనిషి తూలి పడిపోయేవాడు. పక్కనున్నవాళ్ళు గోడకు ఆనించి ఉప్పునీళ్ళు తాగించేవాళ్ళు. కాసేపటికి లేచి మళ్ళీ సుత్తి పట్టుకునేవాడు. కళ్ళతో చూసిన వైద్యం కదా, ఎవరు కాదంటారు? గనులు మూతబడ్డాయి గానీ ఆ వైద్యం మూతబడలేదు. తల తిరిగితే ఉప్పునీళ్ళు, కాళ్ళు లాగితే ఉప్పునీళ్ళు, నీరసమైతే ఉప్పునీళ్ళు. చెమట పట్టే పని పోయి పదిహేడేళ్ళయినా వెంకటప్ప మజ్జిగలో పిడికెడు ఉప్పు పడాల్సిందే, సంగటి పక్కన ఉప్పుచేప ఉండాల్సిందే. సొన్నమ్మ మాత్రం నర్సు చెప్పిన నాటి నుంచి కూర ఉడకగానే తనకు ఒక గిన్నెలో పక్కకు తీసుకుని, మిగతా దాంట్లో వాళ్ళిద్దరికీ సరిపడా ఉప్పు వేసేది. పొద్దున పొయ్యి వెలిగించక ముందే తన మాత్ర మింగేది. మొగుడి మాత్ర ఆయన అరచేతిలో పెట్టి నీళ్ళిచ్చేది. వదిన మాత్రలు వదినే చూసుకుంటానంది. సంచీ కట్టి గూట్లో పెట్టుకుంది.

నెలకొకసారి లైను చివర రేకుల గదిలో బీపీ ఉన్నవాళ్ళకు షర్మిల మీటింగు పెట్టేది. ఒకసారి ఒక కాగితం తెచ్చి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది.

"స్ట్రోక్, అదే పక్షవాతం, వచ్చేటప్పుడు ఏమేం గుర్తులు కనిపిస్తాయి? చెప్పండి చూద్దాం."

ముందు వరసలో కుర్చీల మీద మొగవాళ్ళు. వెంకటప్ప లేచి నిలబడ్డాడు. "మూతి వంకర పోతాది. ఒక పక్క చెయ్యి పడిపోతాది. మాట తడబడతాది. అట్లా అయితే తడవు చెయ్యకుండా పెద్దాస్పత్రికి పోవల్ల. మా షిఫ్టు తిమ్మప్పకు నా కండ్ల ముందరే వచ్చింది. నాకు తెలీనిది ఉండాదా?"

"శభాష్ అప్పా!" అంది షర్మిల. అప్పుడే సొన్నమ్మ టీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చింది. "నువ్వు చెప్పు సొన్నక్కా, స్ట్రోక్ అంటే ఏంది?"

సొన్నమ్మ పళ్ళెం కింద పెట్టింది. "అదీ... గుండెకాయలో వచ్చేదే కదమ్మా?"

మొగవాళ్ళు గొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆవిడ మొగుడే. మారమ్మ గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. "ఆ వంకర మూతుల కతలు మాకెందుకు లేమ్మా, అది తాగుబోతు మొగోళ్ళకి వచ్చేది" అంది.

షర్మిల కాగితం తిప్పింది. "సరే. రోజూ తప్పకుండా మాత్ర వేసుకునేది ఎవురు? ఉప్పు తగ్గించినోళ్ళు ఎవురు? బీడీ ముట్టనోళ్ళు ఎవురు? చేతులెత్తండి."

చూడాలి తల్లీ ఆ గది! ముందు వరస మొత్తం పైకప్పు రేకులకు ఎన్ని చిల్లులున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వెంకటప్ప మాత్రం చెయ్యెత్తాడు, మాత్ర వేసుకుంటానని. వెనక నుంచి ఆడవాళ్ళ చేతులు గాజులతో సహా లేచాయి. మారమ్మ చెయ్యీ లేచింది.

షర్మిల కలం చెవి మీద పెట్టుకుని తల పట్టుకుంది. "ఇదేం లెక్కప్పా ఇది! మొగోళ్ళకి అన్నీ తెలుసు, ఒకటీ చెయ్యరు. ఆడోళ్ళు అన్నీ చేస్తారు, ఎందుకు చేస్తాండారో తెలీదు. గుర్తులు ఆడోళ్ళకి తెలీకపోతే ఎట్లా? పోయిన నెలా చెప్పినాను, అంతకు ముందు నెలా చెప్పినాను!"

అప్పుడు లేచింది సెలీన్. సొన్నమ్మకు గోడ పక్కింటావిడ, కంపెనీ ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి, ఎవరికీ జంకదు. "ఎట్ల తెలుస్తాదిమ్మా? నువ్వు నోరు తెరిచే టయానికి మేమంతా ఆ వెనక పొయ్యి కాడ ఈ దొరలకి టీ కాస్తాండాము! నీ మాట ఇనేది వీళ్ళు, గ్లాసులు కడిగేది మేము. ఇంగ ఏసయ్యే దిగి వచ్చి చెప్పల్ల మాకు."

అన్ని నెలలుగా అందరి కళ్ళ ముందు జరుగుతున్నదే. ఎవరికీ తట్టలేదు చూడు. మీటింగు పెట్టిన షర్మిలకూ తట్టలేదు.

"వచ్చే నెల టీ మొగోళ్ళు కాస్తారు" అంది సెలీన్. "ఏమన్నా వెంకటప్పన్నా? నోట్లో పెద్ద డాక్టరు ఉండాడు, జేబులో బీడీకట్ట ఉండాది. ఇంగ చేతిలో టీ గిన్నె కూడా ఉండనీ."

మరుసటి నెల అట్లాగే జరిగింది. మొగవాళ్ళు పొయ్యి దగ్గర చేరి, ఆకు ఎంత వేయాలో గొడవపడి, పాలు పొంగించి, పొయ్యి ఆర్పి, మళ్ళీ వెలిగించి, గంట సేపటికి తెచ్చిన టీని మేక కూడా ముట్టేది కాదు. ఆ గంటలో ఆడవాళ్ళు మొదటిసారి కుర్చీల మీద కూర్చుని పూర్తిగా విన్నారు. షర్మిల చెప్పడమే కాదు, చేయించింది.

"నవ్వమని చెప్పండి. మూతి ఒక పక్కకు జారిందా చూడండి. రెండు చేతులూ ఎత్తమనండి. ఒకటి కిందికి వాలిపోతాండాదా చూడండి. ఒక మాట చెప్పించండి. తేటగా వచ్చిందా వినండి. మూడింట్లో ఒకటి తప్పినా స్ట్రోకే అనుకోండి. నోట్లో చుక్క నీళ్ళు పోయొద్దు, గొంతులో అడ్డం పడి ప్రాణం పోతాది. తల స్కాను తీసే ఆస్పత్రికే, మనకైతే కోలారుకే, నేరుగా పోండి. ఇంగొకటి, చివరిసారి మనిషి బాగుండింది ఎప్పుడో టయం గుర్తు పెట్టుకోండి. అదంతా మొగోళ్ళకే కాదు, ఆడోళ్ళకూ అంతే."

సొన్నమ్మ, సెలీన్ ఎదురెదురుగా కూర్చుని ఒకరి మూతి ఒకరు చూసుకున్నారు. "మాట చెప్పించు" అంది సెలీన్. సొన్నమ్మకు ఏమీ తోచక, "రాయల్పాడు మామిడికాయ పుల్లగా ఉండాది" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు పోయిన నెల నవ్వు లాంటిది కాదు. ఆ రోజు మారమ్మ లేదు. ఆవని కొండకు మొక్కు తీర్చుకోవడానికి పోయింది.

ఇంటికి వచ్చి సొన్నమ్మ అదంతా వదినకు చెప్పబోయింది. "చాల్లేవే సొన్నీ, నాకు పాఠం చెప్పేంత దానివైనావా?" అని మారమ్మ తలుపు చెక్కలు అదిరేలా నవ్వింది. అంతటితో ఆగిపోయింది.

సరిగ్గా పదకొండు రోజులు. శుక్రవారం పొద్దున. ఏడున్నర బండి స్టేషన్లో కూత పెట్టిన వేళకు మారమ్మ వాకిట్లో గోంగూర అమ్మేవాడిని చీల్చి చెండాడుతోంది. "ఇది ఆకా, గడ్డా? మీ ఇంట్లో మేక తినంది మాకు తెచ్చినావా?" ఆ గొంతు, ఆ రైలు కూత రెండూ ఒకటై పోయాయి. సొన్నమ్మ లోపల సంగటికి ఎసరు పెడుతూ ముసిముసిగా నవ్వుకుంది.

పిండి పోసి, గెలికేందుకు తెడ్డు అందుకునే లోపల మారమ్మ వచ్చి, "ఇటు తే" అని తెడ్డు లాక్కుంది. రెండు తిప్పులు తిప్పింది. తెడ్డు జారి కింద పడింది. వంగి తీసుకోబోయింది. కుడి చెయ్యి తెడ్డు పక్కన నేలను తడుముతోంది గానీ తెడ్డును పట్టడం లేదు. గోడకు ఒరిగి అట్లాగే కూలబడింది.

"మామా!" అని కేక పెట్టింది సొన్నమ్మ.

వెంకటప్ప వచ్చి చూశాడు. మూడు గుర్తులూ కంఠస్థం వచ్చినవాడు, పదిమందిలో లేచి చెప్పినవాడు. అక్క మొహం చూసి ఏమన్నాడో తెలుసా? "ఏం లేదులే. తల తిరిగినట్టుండాది. పొద్దున్నించి ఏం తిన్లేదు కదా. ఆడోళ్ళకి ఇది మామూలే." మాట్లాడుతూనే చెంబులో నీళ్ళు ముంచాడు, ఉప్పు డబ్బా మూత తీశాడు, గుప్పెడు వేసి కలిపాడు. ఆయన వేళ్ళకు అది ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు. బుర్ర కంటే ముందు చేతులు కదిలాయి.

సొన్నమ్మ వదిన ముందు కూర్చుంది. "వదినా, నన్ను చూడు. నవ్వు."

మారమ్మ కళ్ళు కోపంగా చూశాయి. అయినా నవ్వబోయింది. ఎడమ పక్క పెదవి లేచింది, కుడి పక్క లేవలేదు.

"రెండు చేతులూ ఎత్తు వదినా."

ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి ఒడిలోంచి జానెడు లేచి, తడిగుడ్డలా జారిపోయింది.

"రాయల్పాడు మామిడికాయ పుల్లగా ఉండాది, అను."

"రా... మా... కా..." అంది మారమ్మ. ఊరంతా వినిపించే ఆ గొంతులోంచి పాలు తాగే బిడ్డ మాట వచ్చింది.

వెంకటప్ప చెంబు అక్క పెదవుల దగ్గరకు తెచ్చాడు. అప్పుడు తల్లీ, అప్పుడు సొన్నమ్మ ఆ చెంబు పట్టుకుంది. ఆయన వదల్లేదు. ఈవిడా వదల్లేదు. ఒక్క గుంజు గుంజింది. నీళ్ళు వంటింటి నేల మీద పారాయి.

"పిచ్చి పట్టిందా నీకు? నా అక్కకు నీళ్ళిస్తాంటే..."

"నీళ్ళు గొంతులో అడ్డం పడితే చచ్చిపోతాది! మామా, ఇది తల తిరగడం కాదు. స్ట్రోక్! మూతి చూడు, చెయ్యి చూడు. నువ్వే కదా అందరి ముందర చెప్పినావు? తిమ్మప్ప మూతి వంకరపోతే కనిపించింది, నీ అక్క మూతి వంకరపోతే కనిపించలేదా?"

వెంకటప్ప అప్పుడు చూశాడు. చెంబు పోయిన చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది.

"సెలీనూ!" అని సొన్నమ్మ గోడ మీద గుద్దింది. ఒక గోడ ఇండ్లకు అదీ ఒక లాభం. రెండో గుద్దుకు సెలీన్ వాకిట్లో ఉంది. చూసింది, ఒక్క మాట అడగకుండా ఫోను తీసింది. అంబులెన్సు వేరే ఊరికి పోయిందట, రావడానికి ముప్పావు గంట అన్నారు. అప్పుడే స్కూలు పిల్లలను దించి అదే లైను కుర్రాడు గాడ్విన్ తన ఓమ్ని వ్యాను తిప్పుకుని లైనులోకి వస్తున్నాడు. సెలీన్ కొంగు దోపుకుని నడిరోడ్డు మీద చేతులు చాచి నిలబడింది.

"ఆంటీ, పక్కకు జరుగు, టీ తాగి వస్తా!"

"టీ కోలారులో తాగుదువు గానీ, ముందు తలుపు తియ్యరా!"

ఎత్తి పడుకోబెట్టారు. నోట్లో ఊరే ఎంగిలి గొంతులోకి పోకుండా సెలీన్ ఆవిడను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. సొన్నమ్మ షర్మిలకు ఫోను చేసింది. "ఆవిడ మాత్రలన్నీ తీసుకోని పోండి. నేను ఆస్పత్రికి ఫోను చేసి చెప్తాను" అంది షర్మిల. సొన్నమ్మ గూట్లోంచి వదిన మాత్రల సంచీ లాగి చంకన పెట్టుకుంది.

బజారు దాటుతుంటే వెంకటప్ప, "ఇక్కడ మన డాక్టరు దగ్గర ఒక సూది వేయించుకోని పోదాం, గ్లూకోసు ఎక్కిస్తాడు" అన్నాడు.

"ఇక్కడ తల స్కాను ఉండాదా?"

"లేదు."

"అయితే వ్యాను ఆపొద్దు గాడ్విన్. బంగారుపేట మీద పో."

గాడ్విన్ అద్దంలోంచి వెంకటప్పను చూశాడు, ఏం చేయమంటావని. వెంకటప్ప తల దించుకుని, "ఆవిడ చెప్పినట్టు పో అప్పా" అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు.

కోలారులో స్ట్రెచరు సిద్ధంగా ఉంది. డాక్టరమ్మ నడుస్తూనే అడిగింది, "చివరిసారి బాగా మాట్లాడింది ఎప్పుడు?"

"పొద్దున" అన్నాడు వెంకటప్ప.

"పొద్దున అంటే ఎప్పుడు? లేచినప్పుడా, తర్వాతా? టయం తెలీకపోతే రక్తం గడ్డ కరిగించే సూది వెయ్యలేము."

"ఏడున్నర బండి కూత పెట్టినప్పుడు గోంగూరోడిని తిడతాండింది" అంది సొన్నమ్మ. "ఒక్క మాట తడబడలేదు. సంగటి ఎసరు మరిగింది, పిండి పోసినాను, తెడ్డు పడిపోయింది. ఇంగో పదైదు నిమిషాలు. ఇప్పుడు టయమెంతమ్మా?"

"తొమ్మిది."

"అయితే గంటన్నర లోపే."

డాక్టరమ్మ నడుస్తున్నదల్లా ఆగి, సొన్నమ్మ మొహం ఒకసారి చూసింది. తర్వాత తలుపులు మూసుకున్నాయి. స్కాను తీశారు. మెదడులో రక్తం గడ్డ అడ్డం పడిందన్నారు. ముందు బీపీ దించి, గడ్డ కరిగే సూది వేశారు. సూదితో ప్రమాదమూ ఉంటుందని చెప్పారు. వెంకటప్ప సంతకం చేశాడు.

బయట బల్ల మీద కూర్చున్నాక నర్సు వచ్చి, ఇదివరకు ఏం మాత్రలు వేసుకునేదో చూపమంది. సొన్నమ్మ సంచీ విప్పి బల్ల మీద కుమ్మరించింది. అట్టలు, అట్టలు, అట్టలు. తొమ్మిది నెలల మాత్రలు. ఒక్కటీ చింపలేదు.

వెంకటప్ప వాటిని చూసి ఒక అట్ట చేతిలోకి తీసుకున్నాడు. "నాకోసం దాచిపెట్టింది సొన్నీ. 'నీవి అయిపోతే అడగరా చిన్నోడా, నా దగ్గర ఉండాయి, గని దుమ్ము తిన్న ఒళ్ళు నీది' అంటాండింది. నేను నవ్వతాండింటి."

"నువ్వైనా వేసుకుంటాండావు కదా" అంది సొన్నమ్మ, ఓదార్పుగా.

ఆయన తలెత్తలేదు. "లేదు. నువ్విచ్చింది జేబులో వేసుకుంటా. రైలు కట్ట దాటినాక పారేస్తా."

"ఎందుకు?"

"మొదలుపెడితే చచ్చేదాకా మానకూడదంటారు కదా. ఇరవై ఎనిమిదేళ్ళు ఒకడి సైరనుకు లేచినాను, ఇంగ ఒక మాత్ర నా మీద మేస్త్రీగా ఎందుకనుకున్నాను." అని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "ఆయమ్మ నాకోసం తినకుండా దాచింది. నేను రోజూ పారేసినాను. ఇద్దరి మాత్రలూ ఎవురూ తిన్లేదే!"

సొన్నమ్మకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ మింగి, తన పమిట చెంగులోని మాత్ర తీసి, నీళ్ళ సీసా మూత విప్పి ఇచ్చింది. ఆ పొద్దున లేచేసరికి ఆలస్యమై, తనది మింగకుండా చెంగున కట్టుకుని పొయ్యి వెలిగించింది. ఇద్దరికీ ఒకటే రకం మాత్ర కాదని నర్సు చెప్పి, ఆయనది ఏదో కనుక్కుని తెచ్చి ఇచ్చింది. ఆయన మింగి, ఎవరూ అడగకుండానే నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించాడు. చిన్న పిల్లవాడి మాదిరి.

సాయంత్రం లోపలికి రమ్మన్నారు. మారమ్మ కళ్ళు తెరిచి ఉంది. కుడి చేతి వేళ్ళు దుప్పటి అంచును గిల్లుతున్నాయి. పెదవి ఇంకా కొంచెం వంకరగానే ఉంది. సొన్నమ్మను చూసింది. నోరు కదిలించింది. అందరూ వంగారు.

"నా... నీళ్ళు... పారబోసింది... ఎవురే?"

సెలీన్ గట్టిగా నవ్వేసరికి నర్సు వచ్చి కసిరింది. సొన్నమ్మ మాత్రం వదిన పాదాల మీద తల పెట్టి వలవలా ఏడ్చింది. "నేనే వదినా, నేనే. కావాలంటే తిట్టు. నోరారా తిట్టు."

"తి... డ్తా. ఇంటికి... రానీ" అంది మారమ్మ. డాక్టరమ్మ వెనక నుంచి, "తిట్టేంత మాట వచ్చిందంటే బాగుపడుతున్నట్టే. మీరు ఇంకో మూడు గంటలు తడవు చేసుంటే ఈ మాట వినేవాళ్ళం కాదు" అంది.

తొమ్మిదో రోజు ఇంటికి వచ్చారు. వ్యాను దిగి ఒక చెయ్యి సొన్నమ్మ భుజం మీద, ఒక చెయ్యి కర్ర మీద వేసి మారమ్మ తన వాకిలి దాకా నడిచింది. లైను లైనంతా గడపల్లో నిలబడి చూసింది. లోపలికి పోయి మొదట చేసిన పని ఏమిటంటే, సొన్నమ్మను పిలిచి ఉప్పు డబ్బా చేతికిచ్చి, "ఇంగ నీ గిన్నెలో కూరే నాకూ పెట్టు. నీ మొగుడికీ అదే పెట్టు. నోరెత్తితే నాకు చెప్పు" అంది.

వెంకటప్ప నోరెత్తలేదు. బీడీలు ఒకటేసారి మానలేదు. అబద్ధం చెప్పకూడదు. పది నుంచి ఆరు, ఆరు నుంచి రెండు. ఆ రెండు మానడానికి ఆర్నెల్లు పట్టింది. మాత్ర మాత్రం ఒక్క రోజు తప్పలేదు. పొద్దున అక్కాతమ్ముళ్ళు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి నాలుక కింద ఒకరు చూసుకుని గానీ లేవరు. సెలీన్ గోడ అవతల నుంచి, "ఏం, ఇవాళ దొంగ దొరికినాడా?" అని అరుస్తుంది.

మూడు నెలలకు మళ్ళీ రేకుల గదిలో మీటింగు. ఈసారి కుర్చీలు చాలక పక్క లైనుల వాళ్ళు నిలబడ్డారు. షర్మిల అదే కాగితం తెచ్చింది. అదే ప్రశ్న వేసింది. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు మొగవాళ్ళు లేవబోయారు.

"కూచోండప్పా!" అని ఒక గొంతు వచ్చింది. ఆ గొంతు! కాస్త నిదానం, కాస్త బొంగురు, అయినా లైను ఆ చివరకు వినిపించే గొంతే. మారమ్మ లేచి నిలబడింది. కర్ర సొన్నమ్మకు ఇచ్చింది. జనం వైపు తిరిగి నిండుగా నవ్వింది. రెండు పక్కలా సమంగా. రెండు చేతులూ తల పైకెత్తింది. కుడి చెయ్యి సన్నగా వణికింది గానీ వాలలేదు. అట్లా ఎత్తిపట్టుకునే మాట్లాడింది.

"చూడండి. ఇది నవ్వు. ఇవి చేతులు. ఇది మాట. ఇది మొగోళ్ళ జబ్బు అని నేనే అన్నాను. నా మిషనే కెడిపోయింది, నర్సమ్మ మిషను కాదు. ఆడోళ్ళారా, మీ మాత్రలు మీరు మింగండి. మొగుడికని, తమ్ముడికని, కొడుక్కని దాచొద్దండి. మొగోళ్ళారా, మీకు తెలిసింది చెప్పడం చాలు, ఇంగ చెయ్యండి. ఎవురికన్నా తల తిరిగిందని చెంబు ఎత్తినారంటే, మా సొన్నీని పంపిస్తా!"

గది దద్దరిల్లింది. రేకులు ఊగేలా చప్పట్లు. వెంకటప్ప అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు. షర్మిల పట్టీ తీసి మారమ్మ చేతికి కట్టింది. "నూట ఇరవై ఎనిమిది!" అని షర్మిల కేక వేసేసరికి ఆడవాళ్ళు గోలగోలగా ఈలలు వేశారు. ఈలలే తల్లీ, డెబ్బై ఏళ్ళ ముసలమ్మలు కూడా. వాళ్ళ నడుమ సొన్నమ్మ కర్ర పట్టుకుని, ఎవరికీ తల వంచకుండా నిలబడి నవ్వుతోంది.

ఇదీ సంగతి. ఇప్పుడు ఆ ఫోను తీసుకో పర్వాలేదు. కానీ ముందు నాకు ఒక మాట ఇవ్వు. నవ్వు చూడు, చేతులు చూడు, మాట విను, టయం గుర్తు పెట్టుకో, నోట్లో చుక్క పోయకు, తల స్కాను ఉన్న చోటికి పరుగెత్తు. ఇవి మరవకు. రేపు నీ తోటివాళ్ళకు చెప్పు, మీ అమ్మకు చెప్పు, ముందు మీ అమ్మకే చెప్పు. నేను చెప్పినట్టే చెప్పనక్కర్లేదు, నీ నోటికి వచ్చినట్టు చెప్పు. సొన్నమ్మ పేరు మాత్రం వదలకు.